అరవై మూడో నిమిషం

మీరే పంపించేశారు ఆయన్ని. క్లబ్బు గేటుకి అంటించిన కాగితంలో "మా ఫుట్‌బాల్ జట్టు మేనేజరు వ్యక్తిగత కారణాల వల్ల అనుకోకుండా తప్పుకున్నారు" అని రాశారు. ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు ఇరికించడం మీకే చేతనవును. వ్యక్తిగత కారణం ఏదీ లేదు. అనుకోకుండా జరిగిందీ ఏదీ లేదు. కార్యవర్గంలో ఉన్న ఏడుగురికీ ఆ సంగతి తెలుసు, ప్రెసిడెంటుకి అందరికంటే ముందు తెలుసు. "ఆట నియమాలు కూడా గుర్తులేని వయసు, ఏం చేస్తాం" అని విలేకరి దగ్గర నిట్టూర్చింది ఆయనే. ఎవరికి ఏది గుర్తులేదో ఆ ఆదివారం సంగతి వరసగా చెప్పుకొస్తే తేలిపోతుంది. భుజాలు తడుముకునేవాళ్ళు తడుముకోవచ్చు.

ఆ ఆదివారం ఉదయం ఆరున్నరకి మేనేజరు తన బావమరిదికి గడ్డం గీస్తున్నాడు.

వెనక గదిలో కిటికీకి ఎదురుగా కుర్చీ వేసి, మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, ఎడమచేతి బొటనవేలితో గడ్డాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ఆ చేతి గోళ్ళ అంచుల్లో ఆకుపచ్చ రంగు మిగిలిపోయి ఉంది. వారంలో ఆరు రోజులు ఆయన ఒక పెయింట్ షాపులో రంగులు కలుపుతాడు. శనివారం ఎవరో నాలుగు గదులకి లేతాకుపచ్చ అడిగారు. మూడో డివిజన్ జట్టు మేనేజరంటే పెద్ద కారులో తిరిగే మనిషి కాడు. పగలంతా డబ్బాలు కలిపి, సాయంత్రం ఆరింటికి మైదానానికి నడిచి వచ్చే మనిషి. అరవై ఒకటో ఏడు. ముక్కు రెండుసార్లు విరిగి ఎడమకి ఒరిగింది. కుడి చెవి నలిగిన కాగితంలా ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు మాట వినవు కాబట్టి పీతలా పక్కకి తిరిగి ఎక్కుతాడు. ఇదే క్లబ్బుకి పద్నాలుగేళ్ళు డిఫెండరుగా ఆడాడు, పదకొండేళ్ళు మేనేజరుగా నిలబడ్డాడు. రెండూ కలిపితే పాతికేళ్ళు. మీ గేటు కాగితంలో ఆయనకి మిగిలింది ఒకటిన్నర వరస.

"బావా, ఇవాళ ఆటుందా?" అన్నాడు బావమరిది.

"ఉంది."

"నేనున్నానా?"

"గోల్లో నువ్వే. కదలకు, కత్తి గొంతు దగ్గరుంది."

"నీ చేతికి కత్తీ ఇచ్చి, మా అక్కనీ ఇచ్చాడు చూడు, మా నాన్నకి బుద్ధుండే ఇచ్చాడంటావా?"

బావమరిది ఈ జోకు రోజూ వేస్తాడు. నిన్న వేసిన సంగతి ఇవాళ గుర్తుండదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా రోజూ కొత్తగానే వేస్తున్నాడు, ఈయన రోజూ కొత్తగానే నవ్వుతున్నాడు.

ఆ బావమరిది ఒకప్పుడు ఈ జట్టు గోల్‌కీపరు. పొడుగాటి చేతులు, పిల్లి చూపు. ఒక ఆటలో బంతి మీదకి దూకినప్పుడు ఎదుటివాడి బూటు కణతకి తగిలింది. వారం రోజులు వాంతులు చేసుకున్నాడు. పై ఆదివారం కప్పు ఆట. నాకేం కాలేదంటూ దిగాడు. రెండో సగంలో ఎవరో భుజం తగిలించగానే గడ్డి మీద కూలబడ్డాడు. అప్పుడు పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టి లేపింది జట్టు కెప్టెన్. "లేరా, ఏం కాలేదు, లే" అన్నాడు. లేచాడు. చివరిదాకా నిలబడ్డాడు, రెండు బంతులు ఆపాడు కూడా. తిరుగు బస్సులో కెప్టెన్ పక్కన కూర్చుని, "మనం ఏ ఊరెళ్తున్నాం బావా" అని అడిగాడు. ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

కెప్టెన్ ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదు. గడ్డం గీస్తున్నది ఆయనే.

భార్య టీ తెచ్చి కిటికీ మీద పెట్టింది. తమ్ముడి చెంప మీద మిగిలిన నురుగుని కొంగుతో తుడిచింది. ఇన్నేళ్ళలో ఆమె భర్తని ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఎంత బరువో మోసినవాడికే తెలుస్తుంది.

"ఆ తొమ్మిదో నంబరు అబ్బాయికి ఎలా ఉంది?" అని అడిగింది.

"చూడాలి."

"వాంతులు తగ్గాయా?"

"తగ్గాయన్నాడు."

"మనవాడూ అదే అన్నాడు" అని ఆమె ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన తువ్వాలు దులిపి, కత్తి కడిగి, టీ నిలబడే తాగేసి బయల్దేరాడు.

మైదానం గూడ్సు రైళ్ళ యార్డుకి ఆనుకుని ఉంటుంది. ఒకవైపు రేకుల గ్యాలరీ, మిగతా మూడు వైపులా నడుమెత్తు గోడ. ఆటగాళ్ళ బట్టలుతికే ఆవిడ అప్పటికే డ్రెస్సింగ్ రూము వెనక తీగ మీద చొక్కాలు తిరగేసి ఆరేస్తోంది. అందరూ అక్క అంటారు ఆమెని. పంతొమ్మిదేళ్ళుగా ఆ జట్టు చెమటంతా ఆమె చేతుల మీదుగానే పోయింది. ఎవడు నిజంగా పరుగెత్తాడో, ఎవడు కెమెరా ముందు పడి బురద పూసుకున్నాడో ఆమెని అడిగితే మరక చూసి చెబుతుంది.

"అన్నయ్యా, ఒక మాట" అంది చొక్కా మీంచి తల పైకెత్తి. "గురువారం మీ తొమ్మిది ఆ కుళాయి తిప్పి, బకెట్ నిండి నీళ్ళు కాళ్ళ మీద పారుతుంటే చూస్తూ నిలబడ్డాడు. కట్టెయ్యరా అన్నాను. ఏది కట్టెయ్యాలక్కా అన్నాడు."

"ఎవరికైనా చెప్పావా?"

"ప్రెసిడెంటు గారికి చెప్పాను. ప్రేమలో పడ్డాడేమోలే అని నవ్వారు."

విషయం ఏమిటంటే, వెనకటి ఆదివారం తొమ్మిదో నంబరు తల, ఎదుటి జట్టు డిఫెండరు తల గాలిలో ఢీకొన్నాయి. ఆ డిఫెండరుని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మనవాడు అర నిమిషంలో లేచి నిలబడ్డాడు కాబట్టి మన క్లబ్బు చప్పట్లు కొట్టింది. లీగు రూలు ప్రకారం ప్రతి ఆటకీ గీత పక్కన ఒక డాక్టరు ఉండాలి. మన కాగితాల మీద ఉన్నాడు కూడా. ప్రెసిడెంటు గారి తోడల్లుడు. పశువుల డాక్టరు. సంతకం పెట్టి ఊరుకుంటాడు, మైదానం మొహం చూడడు. కాలు విరిగింది గుర్రానికైతే వచ్చేవాడేమో.

డాక్టరు లేని ఆ క్లబ్బులో, తలకి దెబ్బ తగిలినవాడి సంగతి మేనేజరే తేల్చుకునేవాడు. దానికి ఆయన సొంత పద్ధతి ఒకటుంది. పోయిన ఆటలో మనం కొట్టిన గోలు చెప్పమంటాడు, అంతే. ఆటగాడు పెళ్ళిరోజు మరిచిపోతాడు, తాళంచెవి మరిచిపోతాడు, తన జట్టు కొట్టిన గోలు మాత్రం చచ్చినా మరిచిపోడు. ఎవరు ఎవరికిచ్చారు, ఏ కాలితో ఇచ్చారు, గోల్‌కీపరు ఎటు పడ్డాడు, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

పదకొండింటికి డ్రెస్సింగ్ రూములో అందరూ తేలిక సాధనకి బూట్లు తొడుక్కుంటున్నారు. మేనేజరు తొమ్మిదో నంబరుకి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ళ వాడు, విల్లులా వంగే మనిషి, ఈ ఏడు పంతొమ్మిది గోల్స్ కొట్టాడు.

"పోయిన ఆదివారం గోలు చెప్పు."

"అబ్బ, దాని గురించే రాత్రంతా అనుకుంటున్నా సార్." అతని మొహం వెలిగింది. రెండు చేతులూ లేచాయి. "కుడివైపు నుంచి పొట్టోడు తీసుకొచ్చాడు. ఇద్దర్ని బుట్టలో పెట్టాడు. మూడోవాడి కాళ్ళ మధ్యనుంచి తోశాడు. నేను మొదటి స్తంభం దగ్గరికి దూకా. తలతో ఇలా. కీపరు చూస్తూనే ఉన్నాడు సార్, పాపం."

బూటు లేసులు బిగించే చేతులన్నీ ఆగిపోయాయి.

పొట్టోడు తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చీలమండకి కట్టుతో. ఎముక విరిగి ఐదు వారాలైంది. ఆటలు చూడటానికి చేతికర్ర పట్టుకుని వస్తున్నాడు.

"కట్టు మీదే అంత బాగా ఆడానేంట్రా?" అని పొట్టోడు నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి అతని నవ్వు కూడా సగంలో ఆగింది.

"బాగా చెప్పావు" అన్నాడు మేనేజరు. "ఇవాళ కూర్చో."

"పేరు కలిసిపోయింది సార్, అంతే కదా. ఇవాళ పై డివిజన్ వాళ్ళు వస్తున్నారు, నన్ను చూడ్డానికే వస్తున్నారు."

"రానీ. కూర్చుంటే ఎలా ఉంటావో చూసి పోతారు."

"సార్, దండం పెడతా."

"పెట్టు. పెట్టి కూర్చో."

పన్నెండున్నరకి ప్రెసిడెంటు వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ యజమాని, మాట మాత్రం వెచ్చగా ఉంటుంది. మేనేజరు భుజం మీద చెయ్యేసి గోడవారకి నడిపించాడు.

"ఏంటండీ ఇది? గెలిస్తే పై డివిజన్‌కి వెళ్తాం. ఇరవై రెండేళ్ళ కల. మొదటి పదకొండులో వాడి పేరు లేదంటున్నారు."

"తల సరిగా లేదు."

"మన జట్టులో తల సరిగా ఉన్నవాడెవడండీ?"

"వాంతులు చేసుకున్నాడు. జరగని గోలు చెప్పాడు."

"ఆటగాడికి కాళ్ళు కావాలి గానీ జ్ఞాపకశక్తి ఎందుకు? పరీక్ష రాయిస్తున్నామా?" చెయ్యి భుజం మీద ఇంకొంచెం బరువెక్కింది. "సరే, మీ మాటే కానివ్వండి. కనీసం బెంచీ మీదైనా కూర్చోబెట్టండి. పేరు చూసి వచ్చే జనం ఉన్నారు, వాళ్ళ మొహం చూసైనా."

బెంచీ మీద కూర్చుంటే తలకొచ్చే ప్రమాదం ఏముందిలే అనుకున్నాడు మేనేజరు. అదనపు ఆటగాళ్ళ వరసలో నాలుగో పేరుగా రాశాడు. ఆ రోజు ఆయన చేసిన తప్పు అదొక్కటే. మంచివాళ్ళు మొహమాటానికి చేసే తప్పులన్నీ ఇలాగే ఉంటాయి. వేలు పెట్టనిస్తే చెయ్యి దూరుతుందని ఆయనకి అరవయ్యో నిమిషంలో తెలిసింది.

ఆట మూడింటికి మొదలైంది. ఇరవయ్యో నిమిషంలో వాళ్ళొకటి కొట్టారు. విరామం తర్వాత మనవాళ్ళు కార్నర్ నుంచి ఒకటి తిరిగి కొట్టారు. సమానం సరిపోదు, గెలవాలి. రేకుల గ్యాలరీ మీద నాలుగు వేల పాదాలు దడదడలాడాయి. "తొమ్మిది! తొమ్మిది!" అని అరిచాం. ఈ ఊరివాళ్ళం అందరం అరిచాం. ఇందులో మన వాటా మనం ఒప్పుకోవాలి.

అరవయ్యో నిమిషంలో ప్రెసిడెంటు గ్యాలరీ దిగి గీత దాకా వచ్చాడు.

"దింపండి."

"దింపను."

"జనం అడుగుతున్నారు."

"వాళ్ళ తల కాదు కదా."

ప్రెసిడెంటు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గితే మాట గట్టిపడుతుందని అందరికీ తెలుసు. "చూడండి. ఐదు నిమిషాలిస్తున్నా. ఆలోపు దింపకపోతే మీరు మేనేజరు కాదు. మీ అసిస్టెంటే మేనేజరు, అతను దింపుతాడు."

అసిస్టెంటు బెంచీ మీద కూర్చుని తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. అతను దింపుతాడనే విషయంలో అనుమానం లేదు. తొమ్మిదో నంబరు అప్పటికే పైచొక్కా విప్పేసి గీత మీద గెంతుతున్నాడు. ఎండ కళ్ళలో పడుతున్నట్టు మాటిమాటికీ కళ్ళు మూసి తెరుస్తున్నాడు. మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు.

మేనేజరు ఆ కళ్ళు చూశాడు.

ఐదు నిమిషాల తర్వాత తన మాటకి విలువ ఉండదు. ఈ ఐదు నిమిషాలు మాత్రం తనవే. ఈలోపు చేసింది ఎవరూ చెరపలేనిదై ఉండాలి. అలాంటిది ఆటలో ఒక్కటే ఉంది. ఒక జట్టు ఒక ఆటలో ముగ్గుర్నే మార్చొచ్చు. మూడూ వాడేస్తే ఇక దేవుడు బూట్లేసుకుని వచ్చినా రిఫరీ లోపలికి రానివ్వడు.

బెంచీ మీద నలుగురున్నారు. తొమ్మిదిని తీసేస్తే ముగ్గురు. వాళ్ళలో ఒకడు రెండో గోల్‌కీపరు.

"ఆ మార్పుల చీటీ ఇలా ఇవ్వు" అన్నాడు అసిస్టెంటుతో. మోకాలి మీద పెట్టుకుని పెన్సిలుతో రాశాడు. రోజూ ఒక గొంతు మీద కత్తి నడిపే చెయ్యి అది. బంతి గీత దాటగానే తానే నడిచి వెళ్ళి చీటీ అధికారి చేతికిచ్చాడు.

అరవై మూడో నిమిషంలో ముగ్గురూ ఒకేసారి దిగారు. బాగా ఆడుతున్న గోల్‌కీపరు, తన నంబరు పైకెత్తడం చూసి తనని కాదేమోనని వెనక్కి తిరిగి చూశాడు. వెనక వల తప్ప ఎవరూ లేరు. చేతి తొడుగులు విప్పుకుంటూ గీత దాకా వచ్చాడు.

"నేనేం చేశాను సార్?"

"ఏం చెయ్యలేదు. నీ అంత బాగా ఇవాళ ఎవరూ ఆడలేదు. నన్ను తిట్టుకో."

గ్యాలరీకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక ఈలలు మొదలయ్యాయి. "ముసలోడు లెక్క మరిచిపోయాడు" అని ఎవరో అన్నారు. ఆ మాట బెంచీల వెంట పాకి చివరిదాకా పోయింది. ప్రెసిడెంటు మాత్రం మరిచిపోయాడనుకోలేదు. ఆయన మొహం చూసినవాళ్ళున్నారు. ఆ క్షణానే అర్థమైంది ఆయనకి, ఒక్కొక్క నంబరూ.

"ఏం చేశావయ్యా?" అన్నాడు. పదకొండేళ్ళ 'అండీ' అక్కడ ఊడిపోయింది.

"మూడూ అయిపోయాయి. ఇప్పుడు మీరే నిక్కరేసుకుని దిగినా రానివ్వరు."

తొమ్మిదో నంబరు బెంచీ మీద కూలబడి తల మీద తువ్వాలు కప్పుకున్నాడు. లోపల్నుంచి గొంతు వచ్చింది. "నా బతుకు నాశనం చేశారు సార్. మిమ్మల్ని జన్మలో క్షమించను."

మేనేజరు పక్కన కూర్చున్నాడు. "సరే. ఎనభై ఏళ్ళొచ్చాక కూడా నా పేరు గుర్తుపెట్టుకుని తిట్టు. నాకదే కావాలి."

ఎనభై ఒకటో నిమిషంలో మన డిఫెండరు ఒకడికి పిక్క పట్టేసింది. మార్చడానికి అవకాశం లేదు. చివరిదాకా కుంటుతూనే ఆడాడు. ఆట ఒకటి-ఒకటి దగ్గర ముగిసింది. పైకి వెళ్ళలేదు. పోయేది పోయింది, అది చిన్నదని ఎవరూ అనడం లేదు. ఆ ఆటగాళ్ళు ఏడాదంతా వర్షంలో పరుగెత్తి సంపాదించుకున్నది అది. మేనేజరు ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపాడు. కొందరు చెయ్యిచ్చారు, ఇద్దరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళ భుజం తట్టాడు.

ప్రెసిడెంటు ఆఫీసు గది గుమ్మంలో నిలబడి, "రేపు పదింటికి వచ్చి మాట్లాడు" అన్నాడు.

"రేపు నాకు డ్యూటీ ఉంది" అన్నాడు ఆయన. "మూడు గదులకి నీలం కలపాలి. మీరు చెప్పిన ఐదు నిమిషాలు అయిపోయాయి కదా, ఇంక మాట్లాడ్డానికేముంది." తర్వాత అక్క దగ్గరికి వెళ్ళి, "తొమ్మిదోవాణ్ణి ఇవాళ ఒక్కడినే పంపకు, ఎవరితోనైనా ఇంటిదాకా పంపించు" అని చెప్పాడు. గేటు దాటి, యార్డు గోడ పక్కనుంచి, ఎప్పటి నడకతోనే వెళ్ళిపోయాడు. అంతే. పాతికేళ్ళు అలా బయటికి వెళ్ళాయి. వెనక నుంచి పిలిచినవాడు లేడు.

ఇంట్లో భార్య చెప్పుల చప్పుడు విని గుమ్మంలోకి వచ్చింది.

"దింపారా?"

"దింపలేదు."

ఆమె గుమ్మంలోంచి పక్కకి జరిగి దారిచ్చింది. "అయితే రేపట్నుంచి సాయంత్రాలు ఇంట్లోనేనా?"

"ఇంట్లోనే."

"పెరటి తలుపు బిగుసుకుపోయి ఏడాదైంది. దాని సంగతి చూడండి" అంది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఏమీ లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆమె తమ్ముడికంటే ముందు ఆయనకి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

ఇదీ మీరు "అనుకోకుండా" అని రాసిన దాని అసలు కథ.

ఇప్పుడు చెయ్యాల్సింది వినండి. తొమ్మిదో నంబరుని ఇంతవరకూ ఏ ఆసుపత్రికీ తీసుకెళ్ళలేదు. వచ్చే ఆదివారం స్నేహపూర్వక ఆట పెట్టారు. మొదటి పదకొండులో అతని పేరు రాసి గోడకి అంటించారు. ఆ పేరు ఇవాళే కొట్టెయ్యండి. రేపు పొద్దున్నే అతన్ని తల పరీక్షించే డాక్టరు దగ్గరికి మీ కారులో తీసుకెళ్ళండి. పశువుల డాక్టరు సంతకాలు చించెయ్యండి. మనుషుల డాక్టరు ఒకరు గీత పక్కన కూర్చునేదాకా ఆ మైదానంలో బంతి కదలడానికి వీల్లేదు. ఆ డాక్టరు వద్దంటే మేనేజరూ, ప్రెసిడెంటూ, రెండు వేల మందిమి మనమూ నోరు మూసుకోవాలి. గేటు మీది కాగితం పీకెయ్యండి.

ఆయన రాసిన మార్పుల చీటీ మీ ఆఫీసులో ఉంది. అసమర్థతకి రుజువని ఫైలులో పెట్టారు. దాన్ని బయటికి తీసి ఆ గేటుకే అంటించండి. అరచేయంత కాగితం, పెన్సిలు రాత, గట్టిగా నొక్కడం వల్ల ఒక మూల చిరిగింది. దిగేవాళ్ళ నంబర్లు పైకి చదవండి. పన్నెండు. పద్నాలుగు. పదిహేను. తొమ్మిది లేదు.